మొగుడు వచ్చింది

"రాణి మేడ దిగి వచ్చాడు. మొగుడు తలుపు చాటున నిలబడింది. దాని చేతిలో చెంబు వణుకుతోంది. రాశావా?"

"రాశాను, అత్తయ్యా."

కోడలు రాసింది అది కాదు. 'రాణి మేడ దిగి వచ్చింది, మొగుడు తలుపు చాటున నిలబడ్డాడు' అని రాసింది. భోజనాల బల్ల మీద ఒక పక్క కంప్యూటరు, ఇంకో పక్క చిక్కుడుకాయలు. అత్తగారు ఒక వాక్యం చెప్పి తరువాతిది వెతుక్కునేలోపు నాలుగు కాయలకి ఈనె తీసి తుంచిపడేయడం ఆమెకి అలవాటైపోయింది. కథ పరుగెడితే కూర ఆలస్యం, కథ ఆగితే కూర సిద్ధం. మొన్నామధ్య పట్టాభిషేకం దగ్గర కథ ఎంతకీ తెమలక, ఇంట్లో వాళ్ళు రెండు పూటలా అదే కూర తినాల్సి వచ్చింది.

చేతులు వణకడం మొదలయ్యాక అత్తగారు కలం పక్కన పెట్టేశారు. ఆవిడ చెబుతారు, కోడలు కొడుతుంది. బళ్ళో పిల్లలకి జీవితమంతా వ్యాకరణం నూరిపోసిన మనిషి, ఇప్పుడు ఒక పత్రిక ప్రత్యేక సంచికకి పెద్ద కథ చెబుతున్నారు. రెండు చందమామలున్న ఒక లోకం. అక్కడ ఏలేది ఆడవాళ్ళు. పొలం, కొలువు, తగవు, తీర్పు అన్నీ వాళ్ళవే. మగవాళ్ళు పొయ్యి రాజేసి, నీళ్ళు మోసి, అడిగినప్పుడు తలూపుతారు. అంతవరకూ బాగానే ఉంది. క్రియలే అడ్డదిడ్డంగా ఉన్నాయి. పెద్దవయసు కదా, నోరు జారుతోంది పాపం అనుకుని, కోడలు మాట్లాడకుండా అన్నీ సరిచేస్తూ వచ్చింది.

"ఏదీ, మొదట్నుంచీ ఓసారి చదువు."

కోడలు చదివింది. అత్తగారు కళ్ళు మూసుకుని విన్నారు. రాణి మేడ దిగి వచ్చేసరికి కళ్ళు తెరిచారు.

"ఎవరే నా కథలో చెయ్యి పెట్టింది?"

"పొరపాటున అలా అన్నారేమోనని..."

"పొరపాటా? ఊరి పిల్లలందరి చెవులూ మెలేసి నేర్పిన దాంట్లో పొరపాటు పడతానా నేను? ఇటు తిరుగు. ఒక్క మాట అడుగుతా, చెప్పు. మీ ఆయన ఆఫీసు నుంచి?"

"వచ్చాడు."

"మీ చెల్లెలు ఊరి నుంచి?"

"వచ్చింది."

"పిల్లి గోడ మీంచి?"

"వచ్చింది."

"బస్సు?"

"వచ్చింది," అంది కోడలు. అనేసరికి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"ఆఁ. నీ చెల్లెలూ, పిల్లీ, బస్సూ ఒక బంతి. మీ ఆయనొక్కడే వేరే బంతి. ఆడది మనిషి లెక్కలోకి రావాలంటే నలుగురితో కలిసైనా రావాలి, పేరు వెనక గారు అయినా తగిలించుకోవాలి. ఒంటరిగా వస్తే కుర్చీతో సమానం. పిల్లలకి ఇదే చెప్పానే ఇన్నేళ్ళూ. మగవాడు మహత్తు, మిగతాదంతా అమహత్తు అని. ఒక్క పిల్లయినా లేచి 'ఎందుకు టీచర్' అనలేదు. నాకూ తోచలేదు." అత్తగారు చీర చెంగుతో కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఆడరాజ్యం అనగానే అందరూ కత్తులూ గుర్రాలూ పెడతారు. నాకవెందుకు? క్రియ ఒక్కటి మార్చాను. చాలదూ?"

కోడలికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కంప్యూటరు దగ్గరికి జరిగి, తను సరిచేసినవన్నీ ఒక్కొక్కటే మళ్ళీ చెడగొట్టడం మొదలుపెట్టింది. అత్తగారు పక్కనుంచి చెబుతూ పోయారు. మొగుడు వచ్చింది, వెళ్ళింది, వంట చేసింది. రాణి నవ్వాడు.

ఆ పూట చిక్కుడుకాయలు బల్ల మీదే వాడిపోయాయి.

ఇది హాల్లో చెప్పుల స్టాండు దగ్గర బూటు లేసు కట్టుకుంటున్న కొడుకు విన్నాడు. విన్నది ఆ చివరి రెండు వాక్యాలే. కోడలు వంటింట్లోకి వెళ్ళగానే వెనకే వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"విన్నావా? 'మొగుడు వచ్చింది' అంటోంది అమ్మ."

"కథలో అండీ."

"కథలో అయితే బాధేముంది? నిన్న సాయంత్రం నన్ను చూసి, 'అబ్బాయి వచ్చింది, టీ ఇవ్వు' అంది. కన్నకొడుకుని పట్టుకుని వచ్చింది అంటే ఎలా ఉంటుందో నీకేం తెలుసు?"

"తెలుసు," అంది కోడలు స్టవ్వు తుడుస్తూ. "'ఇది ఎక్కడికి పోయింది' అని మీరు రోజూ గుమ్మంలోంచి అరుస్తారుగా."

"నీకంతా వేళాకోళం. ఆడామగా తేడా మర్చిపోతోందే. నాకు అక్షరాలు దిద్దించిన మనిషి. రేపు డాక్టరు దగ్గర టైము తీసుకున్నాను. ఆ పత్రికవాళ్ళకీ ఫోన్ చేసి చెప్పేస్తాను, అమ్మకి బాగాలేదు, కథ వెయ్యొద్దని. నలుగురూ చదివి నవ్వుకుంటే నేను చూడలేను."

మంచివాడే. తల్లి మందులు వేళ తప్పకుండా ఇస్తాడు, రాత్రి దుప్పటి సర్దుతాడు. అందుకే కోడలికి కోపం రాలేదు, భయం వేసింది. కోపిష్టి మొగుణ్ణి ఆపడం తేలిక. ప్రేమతో కథ ఆపేసేవాణ్ణి ఏమని ఆపుతారు?

"డాక్టరు చెప్పేదాకా ఆగండి," అంది. "ఫోన్ మాత్రం చెయ్యకండి."

డాక్టరమ్మ చిన్నది. బల్ల మీద మూత తెరిచిన నీళ్ళ సీసా, గోడకి సగానికి కోసిన మెదడు బొమ్మ. కొడుకు ఆ బొమ్మ వైపు చూడకుండా కూర్చున్నాడు.

"ఇవాళ ఏం వారం, అమ్మా?"

"బయట బెంచీల మీద మొహాలు చూస్తే సోమవారమే అయ్యుండాలి."

సోమవారమే. వందలోంచి ఏడు, అందులోంచి ఏడు తీసేస్తూ రమ్మంటే అత్తగారు డాక్టరమ్మ కంటే ముందు వెళ్ళిపోయారు. ఏ అంతస్తులో ఉన్నామంటే, "లిఫ్టు పనిచెయ్యని అంతస్తులో" అన్నారు. డాక్టరమ్మ నవ్వుతూనే, "మూడు మాటలు చెబుతాను, కాసేపయ్యాక అడుగుతాను, గుర్తుంచుకోండి. తాళం, నిమ్మకాయ, వంతెన," అంది. అత్తగారు మూడూ తిరిగి చెప్పారు.

"ఇప్పుడు మీ సొంతంగా ఒక వాక్యం చెప్పండి. ఏదైనా సరే."

అత్తగారు డాక్టరమ్మని ఎగాదిగా చూశారు. ఆ చూపు కోడలికి తెలుసు.

"డాక్టరు తెలివైనవాడు. కానీ నిన్న సరిగ్గా నిద్రపోలేదు."

"చూశారా?" కొడుకు కుర్చీలోంచి లేచిపోయాడు. "చూశారా మేడమ్? నేను చెప్పలా?"

కోడలు చెప్పుకొచ్చింది. చెల్లెలు, పిల్లి, బస్సు, కుర్చీ, రెండు చందమామలు. సగంలోనే డాక్టరమ్మ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటోంది. "అయితే మా ఇంట్లో నేనూ ఫ్రిజ్జూ ఒకటేనన్నమాట. ఇవాళే వెళ్ళి అడుగుతా," అంది. నవ్వు తగ్గాక మామూలుగా అడిగింది. "ఇందాకటి మూడు మాటలు చెప్పండమ్మా."

అత్తగారు చేతిసంచీ మూత సర్దుకున్నారు. "మూడు మాటలు అప్పజెప్పడానికి నేనేం చిలకనా తల్లీ? నా దగ్గర మాటలు మూటలకొద్దీ ఉన్నాయి. ఏది కావాలో నువ్వే తీసుకో."

కోడలు పకపకా నవ్వింది. కొడుకు కూడా నవ్వాడు. డాక్టరమ్మ కాస్త ఆలస్యంగా నవ్వి, కాగితం మీద ఏదో రాసుకుంది.

బయటికి వచ్చేటప్పుడు కోడల్ని ఒక్కదాన్నీ ఆపింది. "ఆ వచ్చాడు, వచ్చింది గురించి నాకేం బెంగ లేదు. స్కాను వచ్చే వారం చేద్దాం. ఈలోగా, ఆవిడ ప్రాణం పెట్టి చేసే పనిలో ఏదైనా తేడా వస్తే నాకు చెప్పండి."

"తేడా వస్తే ఏమిటి? ఇంతకంటే తేడా ఇంకేం రావాలిట?" అన్నాడు కొడుకు మెట్లు దిగుతూ. కానీ స్కాను అయ్యేదాకా పత్రికకి ఫోన్ చెయ్యనని మాటిచ్చాడు.

తరువాతి రోజుల్లో ఆ ఇంట్లో ఆడరాజ్యం నడిచింది.

"కోడలు లేచాడా?"

"లేచాడు అత్తయ్యా. టీ పెడుతున్నాడు."

"మరి అబ్బాయి?"

"ఇంకా ముసుగు తియ్యలేదు. రాత్రి బాగా గురకపెట్టింది."

"ఇల్లు పిచ్చాసుపత్రి చేసి పెట్టారిద్దరూ," అని కొడుకు దుప్పటిలోంచే అనేవాడు.

కథ సాఫీగా నడిచింది. రాణిగారింట్లో నీళ్ళు మోసే మొగుడొకటి ఉంది. దాన్ని పేరుపెట్టి పిలిచినవాడు లేడు. ఒకనాడు కావడి దించి, తడి బట్టలతోనే సభలోకి నడిచింది. ఏం కావాలి, పొలమా, బంగారమా అని రాణి అడిగాడు. "అవేం వద్దు. నేను వచ్చినప్పుడు 'వచ్చాడు' అనండి. అంతే," అంది మొగుడు. సభలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు.

కోడలు నవ్వలేదు. ఇస్త్రీ చెయ్యాల్సిన చొక్కా చేతిలో పట్టుకునే, "ఇస్తుందా అత్తయ్యా, రాణి?" అంది.

"ఇస్తాడా అని అడుగు."

"ఇస్తాడా?"

"చూద్దాం. వాడి మొహం చూస్తే జాలేస్తోంది..." అత్తగారు ఆగారు. "దాని మొహం," అన్నారు మెల్లగా. ఆ మాటని ఎక్కడో లోతులోంచి చేదుకున్నట్టు అన్నారు.

ఇద్దరూ నవ్వుకున్నారు. అలవాటు ఎక్కడికి పోతుంది?

ఇంకా కొన్ని జరిగాయి. తాగిన టీ తాగలేదనుకుని మళ్ళీ అడిగారు. మడతపెట్టిన బట్టలన్నీ మంచం మీద విప్పి, మళ్ళీ మడతపెట్టి, మళ్ళీ విప్పారు. కోడలు పక్కనే కూర్చుని తనూ కొన్ని మడతపెట్టింది. రెండుసార్లు మడతపడ్డ బట్టలకి ఇస్త్రీ అక్కర్లేదని సంతోషించింది కూడా. ఇంట్లో అందరి కళ్ళూ క్రియల మీదే ఉంటే మిగతావి ఎవరు చూస్తారు?

సభ ఘట్టం ముగించాల్సిన రోజు వాన పడుతోంది. కొడుకు ఆఫీసుకి వెళ్ళలేదు, హాల్లో కూర్చుని కిటికీ గొళ్ళేనికి నూనె పెడుతున్నాడు. అత్తగారు తల దువ్వించుకుని, శుభ్రంగా కూర్చున్నారు.

"రాసుకో. సభ సద్దుమణిగింది. రాణి ఏమీ అనలేదు. మొగుడు గుమ్మం దగ్గర..." చాలాసేపు ఆగారు. కోడలు చిక్కుడుకాయ కూడా ముట్టుకోలేదు. "మొగుడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు."

కోడలి వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. నిలబడ్డాడు! రాణి ఏమీ అనలేదు, వరం ఇవ్వలేదు, తీర్పు చెప్పలేదు. కథే ఇచ్చేసింది. ఆ నీళ్ళు మోసేవాడికి కథ చెప్పేవాళ్ళ నోట్లోంచి వచ్చేసింది ఆ క్రియ. ఎంత నిశ్శబ్దంగా ఇచ్చారీవిడ!

"అత్తయ్యా," అంది. "ఎంత బాగుందో! నిలబడ్డాడు!"

"ఏమిటి బాగుంది?"

"అదే. ఇన్నాళ్ళూ నిలబడింది అని, ఇప్పుడు నిలబడ్డాడు అనడం."

అత్తగారు ఆమెని వింతగా చూశారు. "మొగుడు నిలబడింది ఏమిటమ్మా? తప్పు కదూ?" అని, వేలు ఆడిస్తూ తరువాతి వాక్యం చెప్పారు. "రాణి సింహాసనం మీంచి లేచింది. ఆవిడ వెనకే దాసీలు లేచారు. గుర్రం సకిలించింది. రాశారా?"

ఆ లోకంలో గుర్రాలు లేవు. 'రాశారా' అని అత్తగారు ఆమెని ఎన్నడూ అనలేదు. ఏమే, ఒసేయ్, మొద్దూ, ఇవే పిలుపులు ఈ ఇంట్లోకి వచ్చినప్పట్నుంచీ.

కోడలు ఏమీ కొట్టలేదు. తెర మీద గీత ఒకటి ఆరి వెలుగుతూ ఉంది.

హాల్లోంచి కొడుకు నూనె చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. "విన్నావా? నిలబడ్డాడు అంది! రాణి లేచింది అంది! అమ్మా, ఏదీ, నేను ఆఫీసు నుంచి?"

"వచ్చావు," అన్నారు అత్తగారు విసుగ్గా.

"అది కాదమ్మా. మీ అబ్బాయి ఆఫీసు నుంచి?"

"వచ్చాడు. ఎందుకు బాబూ ఇన్ని ప్రశ్నలు?"

అతను తల్లి భుజాలు పట్టుకుని, నూనె మరకలు పడ్డాయని చూసుకోకుండా, చిన్నపిల్లాడిలా నవ్వాడు. "బాగుపడింది. అమ్మ బాగుపడింది. ఆ స్కానూ గీనూ వద్దు ఇంక."

కోడలు లేచి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

కథ అక్కడితో ఆగిపోయింది. మర్నాడు అడిగితే అత్తగారు, "ఏ కథ?" అన్నారు. ఆ మర్నాడు గుర్తొచ్చింది కానీ, రాణి ఎవరో, ఏ ఊరి రాణో తెలియలేదు. పత్రికవాళ్ళు ఇచ్చిన గడువు దగ్గరపడింది. కోడలు తెర ముందు చాలాసేపు కూర్చుంది. ముగింపు తను రాయగలదు. చదువుకుంది, రెండు మూడు ముగింపులు తోచాయి కూడా. ఏదీ రాయలేదు. 'మొగుడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు' దగ్గర చుక్క పెట్టి పంపించేసింది.

ఎడిటరు ఫోన్ చేశాడు. "మొదట్లో ఇవన్నీ అచ్చుతప్పులనుకుని మా కుర్రాళ్ళ మీద ఎగిరానండీ. తరువాత అర్థమైంది. ఆ చివరి వాక్యం ఉంది చూశారూ! ఒక్క క్రియతో రాజ్యాన్నే కూల్చేశారు ఆవిడ. ఎలా తట్టిందో కనుక్కుని చెప్పండి."

"అలా వచ్చేసిందండీ," అంది కోడలు.

"ప్రూఫులు పంపిస్తున్నాను. ఆవిడొకసారి చూసిస్తే చాలు."

ప్రూఫు కాగితాలు వచ్చిన మధ్యాహ్నం కోడలు మేడ మీద బట్టలు తీస్తోంది. దిగి వచ్చేసరికి అత్తగారు భోజనాల బల్ల ముందు కూర్చుని ఉన్నారు. చేతిలో ఎర్ర కలం. వణికే చెయ్యి, దిద్దేటప్పుడు వణకడం లేదు. వచ్చాడు కొట్టేసి వచ్చింది. వచ్చింది కొట్టేసి వచ్చాడు. పక్కన కొడుకు, తల్లి దిద్దిన కాగితాలు ఒక్కొక్కటే అందుకుని దొంతర పెడుతున్నాడు.

"చూశావా, ఒక్కటి వదల్లేదు," అన్నాడు గర్వంగా.

కోడలు బట్టల బుట్ట కింద పెట్టింది. "వాయిదా పడ్డ ఆ స్కానుకి రేపు నేను తీసుకెళ్తాను."

"ఎందుకూ? బాగుపడిందిగా."

"అందుకే."

అత్తగారు ఒక కాగితం పూర్తిచేసి, దిద్దినదాన్నే మళ్ళీ ముందుకి లాక్కుని, మొదటి నుంచీ దిద్దుతున్నారు. సరిచేసిన వచ్చింది కొట్టేసి దాని పైనే వచ్చింది అని రాస్తున్నారు. అతను తల్లి చేతినే చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి కుర్చీ లాక్కుని, మెల్లగా కూర్చున్నాడు.

"మరి ఆ తప్పులు..." అన్నాడు.

"అవి తప్పులు కావండీ. ఆవిడవి."

అతను తన చేతిలో ఉన్న దొంతరని ఏం చెయ్యాలో తెలియనట్టు కోడలికి అందించాడు. రచయిత్రి స్వయంగా, సొంత చేతితో దిద్దిన ప్రూఫులు. ఏ ఎడిటరైనా కళ్ళకద్దుకుంటాడు. కోడలు వాటిని బీరువాలో చీరల కింద పెట్టి తాళం వేసింది. పత్రికకి ఫోన్ చేసింది. "ఆవిడ చూశారండీ. ఏమీ మార్చొద్దు. ఉన్నదున్నట్టు వేసెయ్యండి," అంది. అబద్ధం చెప్పడానికి ఆమె అంత తేలిగ్గా గొంతు సవరించుకోవడం కొడుకు మొదటిసారి చూశాడు. ఫోన్ పెట్టేసే దాకా పక్కనే ఉన్నాడు, ఆపలేదు.

సాయంత్రం అత్తగారే పిలిచారు. "ఏమ్మా, ఆ కాగితాలు రాసింది మీరేనా?"

కోడలు తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నేనేనండీ," అంది.

"బాధపడకు. వచ్చి కూర్చో." అత్తగారి గొంతులో మెత్తదనం ఉంది. బళ్ళో వెనకబడ్డ పిల్లలకి దాచిపెట్టే మెత్తదనం కాబోలు, కోడలు ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినలేదు. "కష్టమేం కాదు. నా వెనకే అను. అబ్బాయి వచ్చాడు."

"అబ్బాయి వచ్చాడు."

"అమ్మాయి వచ్చింది."

"అమ్మాయి వచ్చింది."

"బండి వచ్చింది."

కోడలు అనలేకపోయింది. అత్తగారు ఓపిగ్గా ఆగారు. గుమ్మంలో కొడుకు వచ్చి నిలబడ్డాడు.

"పోనీ, నువ్వే సొంతంగా ఒకటి చెప్పు. ఏదైనా సరే."

కోడలు ఆవిడ మొహంలోకి చూసింది. కళ్ళజోడు వెనక ఆ కళ్ళు జవాబు కోసం ఎదురుచూస్తున్నాయి, అంతే. ఎక్కడా కొంటెతనం లేదు.

"మా అత్తయ్య వెళ్ళిపోయాడు," అంది.

"తప్పు." అత్తగారు ఆమె చేతి మీద చెయ్యి వేశారు. "వెళ్ళిపోయింది."

"వెళ్ళిపోయింది," అంది కోడలు.

"ఆఁ. అదీ, ఇప్పుడు సరిగ్గా చెప్పావు."